దసరాకు పన్నెండు మంది గుడ్డలు కడపలో ఒక్క రోజులో తీసుకోవచ్చా?

మీరు అడిగింది ఇదీ. మైదుకూరు దగ్గర పల్లె, ఉమ్మడి కుటుంబం. జేజి, తాత, ముగ్గురు అన్నదమ్ములు, ముగ్గురు కోడళ్లు, నాలుగేళ్ల నుంచి పదమూడేళ్ల దాకా నలుగురు పిల్లలు. పండక్కి వచ్చే ఆడబిడ్డకు ఒక చీర కూడా. చేతిలో 50,000 రూపాయలు. తగ్గింపులు నడిచేటప్పుడు ఒక ఆదివారం అందరూ కడపకు వచ్చి అన్నీ ఒకేసారి తీసుకుని పోవాలని ఉంది. పోయినేడు ఇట్లే వచ్చి, సగం కొనకుండానే బస్సుకు పరిగెత్తామని కూడా రాశారు.

సూటిగా చెప్తాను. ఒక్క రోజు వద్దు, పన్నెండు మందీ వద్దు, ఆదివారం అసలే వద్దు. రెండు విడతలు చేయండి. కుట్టించాల్సినవి, అంటే చీరలు, జాకెట్లు, ఆడపిల్లల లంగా గుడ్డ, వీటితోపాటు తాత పంచె మొదటి విడతలో తీసుకోండి. పండక్కి మూడు వారాలకు పైగా ఉండగానే ముగ్గురు ఆడవాళ్లు వస్తే చాలు. రెడీమేడ్, చెప్పులు రెండో విడత. నవరాత్రుల మొదటి మూడు రోజుల్లో ఒక పనిరోజు ఉదయం నలుగురు రండి. మిగతా వాళ్ల తరఫున కొలతలు వస్తాయి, మనుషులు రానక్కర్లేదు.

బట్టల షాపు కౌంటరుకు లోపలివైపు చాన్నాళ్లు నిలబడ్డవాడిగా చెప్తున్నా, పండగ రోజుల్లో కుటుంబాల టైము రద్దీ వల్ల పోయేదానికన్నా తేలని విషయాల వల్ల పోయేదే ఎక్కువ. ఎంతలో తీసుకోవాలి, ఏ రంగు, ఏ సైజు, ఎవరి మాట చివరిది అనేవి షాపు లోపలికి వచ్చాక మొదలుపెడితే ఒక్కో చీరకు గంట పడుతుంది. ఇవే ఇంట్లో తేల్చుకుని వచ్చినవాళ్లు అంతే జనంలో ఇరవై నిమిషాల్లో లేచి బిల్లుకు పోతారు.

ముందు రోజుల లెక్క చూద్దాం. వినాయక చవితి అయినాక పౌర్ణమి దాకా పదకొండు రోజులు ఉంటాయి. ఆ తర్వాత పదిహేను రోజులు మహాలయ పక్షం. పట్టింపు ఉన్న ఇళ్లలో ఆ పదిహేను రోజులూ కొత్త గుడ్డలు కొనరు. అమావాస్య దాటగానే ఆగి ఉన్న జనమంతా ఒకేసారి బజారులో పడతారు. కడప బట్టల బజారు వై.వి. స్ట్రీట్‌లో నడవడానికి కూడా సందు లేకుండా పోయేది అప్పుడే. పిల్లల దసరా సెలవులు తోడైతే పగలు కూడా ఖాళీ ఉండదు.

అందుకే మీ ఇంట్లో పట్టింపు ఉంటే చీరలు చవితికీ పౌర్ణమికీ మధ్య తీసేసుకోండి. పౌర్ణమి నుంచి విజయదశమికి ఇరవై అయిదు రోజులు ఉంటాయి, టైలరుకు అది చాలినంత గడువు. పట్టింపు లేకపోతే పక్షం మొదట్లోని రోజులే అన్నిటికన్నా మేలు. షాపు ఖాళీగా ఉంటుంది, పండగ సరుకు అప్పటికే దిగి ఉంటుంది, సేల్స్ పిల్లలు ఓపిగ్గా పది చీరలు ఎక్కువే విప్పి చూపిస్తారు. అయితే ఒకటి గుర్తుంచుకోండి. నవరాత్రుల పాడ్యమి తర్వాత కొత్త జాకెట్లు ఒప్పుకోని టైలర్లే ఎక్కువ. చీర ముందే కొని జాకెట్టు గుడ్డ అమావాస్య దాకా ఇంట్లో పెట్టుకుంటే లాభం లేదు.

రెండు విడతలంటే చార్జీలు రెండింతలు కదా అనుకుంటారేమో. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు డబ్బు లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి సున్నా టికెట్ తీసుకుంటే సరిపోతుంది. మొదటి విడత ముగ్గురూ ఆడవాళ్లే కాబట్టి బస్టాండు నుంచి ఆటో, టిఫిను, అంతే ఖర్చు. కారు మాట్లాడుకుని వస్తే మాత్రం ఏడురోడ్ల కూడలి దాకా కూడా తేవద్దు. పండగ సాయంత్రాల్లో ఆ చుట్టుపక్కల బండి పెట్టేచోటు వెతుక్కోవడానికే ముప్పావు గంట పోతుంది.

ఇక డబ్బు. 50,000 మొత్తం గుడ్డలకు పెట్టకూడదు. మీ లెక్కకు నేనైతే ఇలా పంచుతాను. ముగ్గురు కోడళ్లకు, ఆడబిడ్డకు తలా 4,000 చొప్పున 16,000. జేజికి 2,000. మగవాళ్లు ముగ్గురికి ప్యాంటు, చొక్కా కలిపి 2,500 చొప్పున 7,500. తాతకు పంచె, చొక్కా 1,500. పిల్లలు నలుగురికి 10,000. ఇవన్నీ కలిపితే 37,000. జాకెట్ల కుట్టుకూలి, లైనింగు, ఫాల్, పీకో కలిపి 3,500 పక్కన పెట్టండి. పిల్లల చెప్పులకు 2,000. రెండు ప్రయాణాలు, భోజనాలు, ఆటోలకు 2,500. మొత్తం 45,000 అయింది. మిగిలిన 5,000 జాబితాలో రాయొద్దు, షాపుకూ తేవద్దు. సైజు మార్చేటప్పుడు పైన కట్టాల్సిన డబ్బు, మరిచిపోయిన లోపలి గుడ్డలు, కుట్టుకూలి పెరగడం, ఇవన్నీ దాంట్లోనుంచే పోతాయి.

కోడళ్లకూ ఆడబిడ్డకూ ఒకే పరిమితి పెట్టండి. ఒకరికి 3,500, ఒకరికి 4,500 అని పెడితే ఆ వెయ్యి రూపాయల మాట సంక్రాంతి దాకా ఇంట్లో తిరుగుతుంది. 4,000లో ఒకరు 3,200కే ముగిస్తే మిగతా 800 ఆమెవే. గాజులకో, ఇంకో జాకెట్టుకో వాడుకుంటుంది. ఈ ఒక్క నిబంధనతో బేరం అడిగే పని కూడా ఎవరిది వాళ్లే శ్రద్ధగా చేస్తారు.

కొలతల పని వచ్చే ముందు రోజు రాత్రి కూర్చుని చేసుకోండి. పిల్లల సైజు వయసును బట్టి అడగొద్దు. ఒకే నెంబరు ఒక కంపెనీలో బిగుతు, ఇంకోదాంట్లో వదులు. ఇప్పుడు సరిగ్గా పట్టే చొక్కానో గౌనునో మంచం మీద పరిచి, చంక నుంచి చంక దాకా, భుజం నుంచి కింది అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోండి. ఎదిగే పిల్లలకు చంకల దగ్గర ఒక అంగుళం, పొడుగులో అంగుళంన్నర కలపండి. అంతకు మించి కలిపితే పండగరోజు అరువు తెచ్చుకున్న గుడ్డల్లా కనిపిస్తాయి. షాపులో కొత్తది కూడా అట్లే పరిచి కొలిస్తే ట్రయల్ రూము లైను తప్పుతుంది. పెద్దవాళ్ల చొక్కాలకూ ఇదే. లేబుల్ మీది 40, 42 నమ్ముకోవద్దు, పరిచి కొలిచిన కొలతే చెప్పండి. ప్యాంటుకు నడుము, లోపలి కాలు పొడుగు రెండూ కావాలి. పొడుగు ఎక్కువైతే మీ ఊరి టైలరు మడిచి కుడతాడు. పండగ రోజుల్లో షాపు ఆల్టరేషన్ కౌంటరులో ఇస్తే మరుసటి రోజు రమ్మంటారు.

చెప్పులకు పాదం అచ్చు తీసుకోండి. పిల్లాణ్ణి కాగితం మీద నిలబెట్టి, పెన్సిలు నిట్టనిలువుగా పట్టుకుని చుట్టూ గీయాలి. సాయంత్రం గీయండి, పగలంతా ఆడినాక పాదం కొంచెం ఉబ్బుతుంది. రెండు పాదాలూ గీసి పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోండి. దాని పొడుగుకు ఒక సెంటీమీటరు కలిపి అట్టముక్క కత్తిరించి తెస్తే చెప్పు లోపల పెట్టి చూసుకోవచ్చు.

లంగాకు నడుము నుంచి మడమ దాకా కొలిచి, అంచు మడతకు 4 అంగుళాలు కలపండి. లోపల ఒక టక్కు వేయించుకుంటే వచ్చే ఏడాది విప్పుకోవచ్చు, అందుకు ఇంకో 3 అంగుళాలు. తాత ఎన్ని మూరల పంచె కడతారో ఇంట్లోనే అడిగి రాసుకోండి. షాపులో మీటర్లలో చెప్తారు. 8 మూరలంటే సుమారు 3.65 మీటర్లు.

ఇప్పుడు మొదటి విడత. వచ్చేది ముగ్గురు కోడళ్లు. ముగ్గురూ ఒకే కౌంటరు ముందు కూర్చోవద్దు. ఒకరు ఎంచుకున్నది పక్కామె చేతికి పోతుంది, ఆమె ఎంచుకున్నది ఇంకొకరికి నచ్చుతుంది. చివరికి ఎవరికీ తమ చీర తమకు నచ్చినట్టు ఉండదు. ఒక్కొక్కరు ఒక్కో సేల్స్ అమ్మాయి ముందు కూర్చోండి. తలా ఒకటి ఖాయం చేసుకున్నాకే ఒకరికొకరు చూపించుకోండి.

కూర్చోగానే "చీరలు చూపించండి" అంటే ఎక్కువ రేటు సరుకే ముందు దిగుతుంది. అది మాకు నేర్పించే పద్ధతే, దాంట్లో దాపరికం లేదు. 8,000 చీర చూసిన కంటికి 4,000 చీర వెలవెలబోతుంది. అట్లా కాకుండా, "3,000 నుంచి 4,000 లోపు, చిన్న బార్డరు, ఆకుపచ్చ గానీ వంకాయరంగు గానీ, ఇంకేమీ వద్దు" అని మొదటి మాటలోనే చెప్పండి. సేల్స్ అమ్మాయికి కూడా హాయి, బీరువా అంతా దించే పని తప్పుతుంది.

పక్కన పెట్టుకునేవి మూడుకు మించకూడదు. నాలుగోది నచ్చితే ముందున్న మూడింట్లో ఒకటి తిరిగి ఇచ్చేయాలి. ఒక్కో చీరకు ఇరవై అయిదు నిమిషాలు. అది దాటినా తేలకపోతే లేచి వేరే రకం దగ్గరికి పోండి, అక్కడే కూర్చుంటే ఇంకో గంట కూర్చున్నా తేలదు. జేజికి, ఆడబిడ్డకు రంగు ముందే అడిగి ఉంటారు కాబట్టి వాళ్ల చీరలు చివరి రెండింటి ఫొటోలు తీసి పంపండి. ఏది కావాలో జేజి చెప్తుంది, అంతే. వీడియో కాల్ చేస్తే ఇంట్లో అందరూ ఫోను చుట్టూ చేరి మళ్లీ మొదటికి తెస్తారు.

తగ్గింపు చీరను తీసుకునే ముందు పూర్తిగా విప్పించండి. సగం మడతలో చూసి తీసుకోవద్దు. చూడాల్సినవి ఇవి. మడత గీతల వెంట రంగు తేలిపోయి ఉందా? ఉంటే పాత నిల్వ సరుకు, పట్టు అయితే ఆ గీత దగ్గరే చిరుగుతుంది. జరీ గోటికి తగిలి దారం లేస్తోందా? కొంగు చివర, రెండు అంచులు ఒకే తీరుగా ఉన్నాయా? జాకెట్టు గుడ్డ చీరలోనే ఉందా, ఎంత ఉంది? మామూలుగా 80 సెంటీమీటర్లు ఇస్తారు. పొడుగు చేతులు కావాలన్నా, ఒళ్లు నిండుగా ఉన్నవాళ్లకైనా మీటరు కావాలి, అంత లేకపోతే చేతులకు వేరే గుడ్డ జతచేయాల్సి వస్తుంది. నూలు చీరైతే తడి చేతిరుమాలుతో లోపలి అంచు గట్టిగా రుద్దండి, రంగు అంటితే ఇంట్లో మిగతా గుడ్డలన్నీ పాడవుతాయి. చివరగా వాకిలి దగ్గరికి తెచ్చి పగటి వెలుతురులో చూడండి. షాపు లైట్ల కింద నీలం, వంకాయరంగు, ముదురు ఆకుపచ్చ మోసం చేస్తాయి. పట్టని చెప్పి అమ్మితే సిల్క్ మార్క్ లేబుల్ ఉందో లేదో చూడండి. లేకపోతే అది పట్టు కాదని కాదు, కానీ పట్టు రేటు ఇవ్వడానికి నేనైతే ఒప్పుకోను.

చీరల మీద శాతాలను పట్టించుకోవద్దు. ఒకే నేత చీర రెండు షాపుల్లో రెండు ట్యాగు రేట్లతో ఉంటుంది. ఒకచోట 6,000 మీద సగం, ఇంకోచోట 3,800 మీద ఇరవై శాతం. మొదటిది 3,000, రెండోది 3,040. బోర్డు చూస్తే ఆకాశానికీ భూమికీ ఉన్న తేడా, చేతి డబ్బు చూస్తే నలభై రూపాయలు. కట్టాల్సిన నికర రేటు ఒక్కటే అడగండి.

కంపెనీ రెడీమేడ్ మీద మాత్రం శాతానికి కొంత అర్థం ఉంది, ఎందుకంటే ఎమ్మార్పీ అచ్చు వేసి వస్తుంది. ఎమ్మార్పీ అంటే పన్నులన్నీ కలిపిన గరిష్ఠ ధర, దానికి మించి తీసుకోకూడదు. ట్యాగు మీద ఇంకో స్టిక్కరు అంటించి ఉంటే కింద ఏముందో చూడండి.

రెండో విడతలోనే జట్టు పని ఉంది. నలుగురు రండి. ఇద్దరు అన్నదమ్ములు, ఒక కోడలు, పదమూడేళ్ల పిల్లాడు. ఆ వయసుకు సొంత ఇష్టం ఉంటుంది, నెలనెలా కొలత కూడా మారుతుంది కాబట్టి వాడు రావాలి. చిన్న ముగ్గురూ ఇంట్లోనే ఉండనీయండి. నాలుగేళ్ల బిడ్డను ఆ జనంలో ఎత్తుకు తిరగడానికే ఒక మనిషి పూర్తిగా పోతాడు. తప్పనిసరై తేవాల్సి వస్తే జేబులో ఫోన్ నెంబరు రాసిన కాగితం పెట్టి, ఆ పొద్దు వేసిన గుడ్డలతో ఫొటో తీసుకుని, "కనపడకపోతే డబ్బులు కట్టే కౌంటరు దగ్గరికి పో" అని చెప్పి పెట్టండి.

పనులు ఇలా పంచుకోండి. ఎంచేది ఒకరు, డబ్బు ఒకరు, సంచులు ఒకరు. కోడలి చేతిలో జాబితా, టేపు ఉంటాయి. పిల్లల గుడ్డల్లో ఆమె మాటే చివరిది, మిగతావాళ్లు సలహా ఇవ్వొచ్చు కానీ అడ్డు చెప్పకూడదు. ఒక అన్నదమ్ముడు డబ్బు మనిషి. ఎంపిక సగంలో ఉండగానే పోయి బిల్లు లైనులో నిలబడతాడు. సరుకు వచ్చేసరికి తన వంతు దగ్గర పడి ఉంటుంది. ఇది మోసమేమీ కాదు, కానీ వంతు వచ్చినా సరుకు రాకపోతే వెనకవాళ్లకు దారి ఇవ్వండి. రెండో ఆయన సంచులతో ఒకచోట కూర్చుంటాడు, కదలడు. మొదట కొన్న షాపు కవర్లు తర్వాతి షాపులో లోపలికి రానివ్వరు, టోకెన్ ఇచ్చి బయట పెట్టిస్తారు. ఆ టోకెన్ లైను రెండుసార్లు నిలబడాలి, పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. సంచుల మనిషి ఉంటే ఆ రెండూ తప్పుతాయి. మగవాళ్ల చొక్కాల వంతు వచ్చినప్పుడు ఆయన, కోడలు చోటు మార్చుకుంటారు.

ఫోన్ల మీద ఆధారపడొద్దు. జనం ఎక్కువైతే సిగ్నల్ తగ్గుతుంది, సెల్లార్లలో అసలే ఉండదు. విడిపోతే ప్రతి గంటకూ ఒకసారి ఫలానా షాపు మెట్ల దగ్గర కలవాలని ముందే అనుకోండి.

టైము సంగతి. షాపులు పది ప్రాంతంలో తెరుస్తారు. టిఫిను అప్పటికే అయిపోయి ఉండాలి. కారం దోశ తినాలనుంటే తొమ్మిదిన్నరకే తినేయండి. ముందు పిల్లల గుడ్డలు. ఎందుకంటే ఎక్కువమందికి సరిపడే సైజులు సాయంత్రానికి అయిపోతాయి, మళ్లీ సర్దేది మరుసటి పొద్దునే. పన్నెండుకల్లా పిల్లలవి ముగించి, ముందే భోజనం చేయండి. ఒంటిగంట నుంచి రెండున్నర దాకా జనం కొంచెం పలచబడతారు, ఆ సందులో మగవాళ్లవి. తర్వాత చెప్పులు. రోడ్డు పక్కన గాజులు, రిబ్బన్లు, క్లిప్పులు చివరి ఇరవై నిమిషాల్లో, అదీ ఒక్కరే పోయి. నాలుగున్నరకు బస్టాండులో ఉండాలి. అయిదు దాటితే బజారుకు వచ్చేవాళ్లు, ఊళ్లకు పోయేవాళ్లు ఒకరికొకరు ఎదురుపడతారు.

ఇక ఆఫర్ల లెక్క. దీంట్లో చాలామంది తెలియక డబ్బు వదిలేస్తారు, కాబట్టి కొంచెం వివరంగా చెప్తా.

"రెండు కొంటే ఒకటి ఉచితం" అంటే మూడింట్లో తక్కువ రేటుది ఉచితం. 1,200, 1,000, 600 చొక్కాలు తీసుకుంటే 600 పోయింది, అంటే 2,800 మీద 21 శాతం మాత్రమే. మూడూ దగ్గర దగ్గర రేట్లలో ఉంటేనే 33 శాతం వస్తుంది. ఉమ్మడి కుటుంబానికి ఇక్కడే లాభం. పెద్దవాళ్లకు 1,200వి మూడు, పిల్లలకు 600వి మూడు తీసుకున్నారనుకోండి. ఆరూ ఒకే బిల్లులో వేస్తే కంప్యూటరు అన్నిట్లోకి తక్కువ రెండు ఏరి 1,200 తగ్గించవచ్చు. పెద్దవాళ్లవి ఒక బిల్లు, పిల్లలవి ఒక బిల్లు వేయిస్తే ఒకదాంట్లో 1,200, ఇంకోదాంట్లో 600, మొత్తం 1,800 తగ్గుతుంది. స్కాన్ మొదలుపెట్టక ముందే "రెండు బిల్లులు వేయండి" అని చెప్పాలి. వేసినాక రద్దు చేయమంటే సూపర్‌వైజరు రావాలి, ఆయన ఏ అంతస్తులో ఉంటాడో తెలీదు.

బ్యాంకు కార్డు తగ్గింపులో మూడు అంకెలు చదవండి. ఎంత శాతం, కనీసం ఎంత కొనాలి, గరిష్ఠంగా ఎంత తగ్గిస్తారు. ఉదాహరణకు 10 శాతం, కనీసం 5,000, గరిష్ఠం 1,500 అని ఉందనుకోండి. 28,000 ఒకే బిల్లు వేస్తే వచ్చేది 1,500. ఇద్దరు అన్నదమ్ముల కార్డుల మీద 14,000 చొప్పున రెండు బిల్లులు వేస్తే 2,800. అదే "10,000 కొంటే 1,500 కూపన్" లాంటి మెట్ల ఆఫర్ అయితే పద్ధతి తిరగబడుతుంది, అందరివీ ఒకే బిల్లులో పోగేయాలి. అందుకే ఏ ఆఫర్ ఉందో డబ్బు మనిషి పొద్దున్నే చదివి ఎంచే మనిషికి చెప్పాలి. సరుకు ఏరినాక తెలుసుకుంటే ఉపయోగం లేదు.

కూపన్‌ను తగ్గింపుగా లెక్కేయకండి. మళ్లీ కొంటేనే అది చెల్లుతుంది. చాలావాటికి తేదీ, కనీస కొనుగోలు, తగ్గింపు సరుకు మీద చెల్లదన్న షరతు ఉంటాయి. మొదటి విడతలో వచ్చిన కూపన్ రెండో విడత తేదీకి చెల్లుతుందంటేనే దాన్ని డబ్బుగా చూడండి.

పన్ను గురించి ఒక్క మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి కుట్టిన గుడ్డలకు ఒక్కోటి 2,500 దాకా 5 శాతం జీఎస్టీ, అది దాటితే 18 శాతం. చెప్పులకూ జతకు అదే గీత. పన్ను విడిగా కలిపే షాపులో 2,500 చొక్కా 2,625కు వస్తే, 2,600 చొక్కా 3,068 అవుతుంది. వంద రూపాయల తేడాకు పైన 343 పన్ను. తగ్గింపు పోగా వచ్చిన ధర మీదే ఈ లెక్క కాబట్టి గీతకు దగ్గరున్న ముక్కలకు తగ్గింపు తర్వాతి రేటు చూడండి. కుట్టని చీరలకు, గుడ్డకు ఈ గీత లేదు, 5 శాతమే.

బిల్లు దగ్గర తొందరపడకండి, వెనకవాళ్లు ఎంత గొణిగినా సరే. ముక్కల సంఖ్య లెక్కపెట్టండి. చేతిలో తొమ్మిది ఉంటే బిల్లులో తొమ్మిదే ఉండాలి. జనంలో తరచూ జరిగే తప్పులు రెండు. ఒకే ముక్క రెండుసార్లు స్కాన్ కావడం, కుప్పలోంచి తీసిన దానికి తగ్గింపు పడకపోవడం. డబ్బు కట్టక ముందైతే నిమిషంలో సరిచేస్తారు. కట్టినాక మాత్రం డబ్బు తిరిగి ఇవ్వడం అరుదు, ఆ డబ్బుకు మళ్లీ అక్కడే కొనుక్కోమని క్రెడిట్ నోటు చేతిలో పెడతారు. డెలివరీ కౌంటరులో కవరు అందుకునేటప్పుడు ఇంకోసారి లెక్క. కవర్లు తారుమారయ్యేది అక్కడే.

యూపీఐ నమ్ముకుని ఖాళీ జేబుతో రావొద్దు. మొత్తంలో మూడో వంతు నగదు తెండి, ఇద్దరి దగ్గర లోపలి జేబుల్లో పెట్టుకోండి. ఆటోలకు, గాజులకు ముందే యూపీఐ లైట్‌లో కొంత వేసుకుంటే పిన్ లేకుండా 1,000 లోపు చెల్లింపులు త్వరగా పోతాయి. మీ ఖాతాలో కోత పడి షాపుకు చేరలేదంటే వెంటనే రెండోసారి కట్టకండి. ముందు బ్యాంకు యాప్‌లో చూసి, లావాదేవీ నెంబరు రాయించి పెట్టండి. షాపుకు చేరని డబ్బు రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం అయిదు రోజుల్లోపు మీ ఖాతాలోకి తిరిగి రావాలి. దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం బ్యాంకు ఇవ్వాలి. ఈలోపు ఆ సరుకుకు నగదు కట్టి తీసుకుపోండి.

మెడలో బంగారం వేసుకుని రాకండి. గొలుసులు పోయేది షాపులో కన్నా బస్సు ఎక్కేటప్పుడు తోపులాటలో. బంగారం కొనే ఆలోచన ఉంటే అది ఇంకో రోజు పెట్టుకోండి, ప్రొద్దుటూరుకో ఎక్కడికో. చేతినిండా కవర్లతో, సాయంత్రం బస్సు ధ్యాసతో తూకం, తరుగు, నగ మీది ఆరక్షరాల హాల్‌మార్క్ నెంబరు (హెచ్‌యూఐడీ) సరిచూసుకునే ఓపిక ఎవరికీ ఉండదు.

ఇంటికి పోయిన రాత్రే అందరికీ వేసి చూడండి, ట్యాగులు తెంపకండి. మార్చుకునే గడువు, ఏ వేళల్లో మారుస్తారు అన్నది చాలా షాపుల్లో బిల్లు వెనక ఉంటుంది, పండగ ముందు రెండు మూడు రోజులు మార్పిడి నిలిపేస్తారు కూడా. సైజు మార్పిడికి ఎవరో ఒకరు మర్నాడో మూడోనాడో బయల్దేరాలి. దానికి మనిషిని ముందే అనుకోండి, బిల్లులన్నీ ఆ మనిషి దగ్గరే ఉంచండి.

"తగ్గింపు సరుకు మార్చబడదు" అన్న బోర్డు నచ్చకపోవడానికి, సైజుకు వర్తిస్తుంది. చిరుగు, మరక, రంగు దిగడం లాంటి లోపాలకు అది చెల్లదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే ముప్పై రోజుల్లోపు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపారమే. బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే లెక్క. ముందు షాపు మేనేజరుతో మర్యాదగా మాట్లాడండి, పండగ రద్దీ తగ్గినాక పోతే సగం పైగా అక్కడే తేలుతాయి. తేలకపోతే 1915కు ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, ఫిర్యాదు నెంబరు ఇస్తారు. బిల్లు ఫొటో, లోపం ఫొటో రెండూ సిద్ధంగా పెట్టుకోండి. షాపు బిల్లుల మీది అచ్చు తొందరగా చెరిగిపోతుంది, కాబట్టి కొన్న రోజే ఫొటో తీసి కుటుంబం వాట్సాప్ గ్రూపులో వేసేయండి.